మొజాంబిక్‌కి 50 ఏళ్లు: స్వాతంత్ర్యం తెచ్చిన ఫ్రెలిమో ఇంకా గద్దె మీదే ఎలా ఉంది?

కంది_బస్తా | 26 జూన్ 2025, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మాది గుంటూరు జిల్లా. కందుల కొనుగోలు పని మీద పదేళ్లుగా మొజాంబిక్‌లోని నాంపులాలో ఉంటున్నాను. నిన్నటితో ఈ దేశానికి పోర్చుగీసువాళ్ల నుంచి స్వాతంత్ర్యం వచ్చి సరిగ్గా 50 ఏళ్లు. 1975 జూన్ 25న మొదటి అధ్యక్షుడు సమోరా మషెల్ స్వాతంత్ర్యం ప్రకటించిన మషావా స్టేడియంలోనే నిన్న కూడా వేడుక చేశారు. మా గోడౌన్ కుర్రాళ్లతో కలిసి టీవీలో చూశాను. పెద్దవాళ్లు లేచి నిలబడి పాట పాడారు. కుర్రాళ్లు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు.

ఆ తేడా చూశాకే ఇది రాయాలనిపించింది. ఈ 50 ఏళ్లూ ఒకే పార్టీ, ఫ్రెలిమో. 1994 నుంచి ఎన్నికలు జరుగుతున్నాయి, అధ్యక్షులు మారుతున్నారు, పార్టీ మాత్రం మారలేదు. మొన్న అక్టోబర్ ఎన్నికల తర్వాత జరిగిన గొడవల్లో ఇక్కడ వారాల తరబడి షాపులు మూతపడ్డాయి. నాకు చదువు తక్కువ, వ్యాపారంలో తెలిసిందే తెలుసు. తుపాకీ పట్టి దేశాన్ని విడిపించినవాళ్లు ఇన్నేళ్లు గద్దె మీద ఉండగలగడానికి కారణం భయమా, అభిమానమా, ఇంకేమైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

వరంగల్_శ్రీను | 26 జూన్, రాత్రి 9:40

మంచి టాపిక్ అన్నా. నాకైతే ఆ దేశం జెండా ఒక్కటే తెలుసు. ఏకే-47 బొమ్మ ఉంటదని క్విజ్‌ల చదివిన. ఫ్రెలిమో అంటే ఏంది, ఎట్ల మొదలైంది, ఎవరన్నా మొదటి నుంచి చెప్తారా?

చరిత్ర_మేడమ్ | 26 జూన్, రాత్రి 10:25

శ్రీనూ, జెండాలో తుపాకీ ఒక్కటే కాదు. దానితోపాటు పార, తెరిచిన పుస్తకం కూడా ఉంటాయి. పోరాటం, సేద్యం, చదువు. పార్టీ తన గురించి తాను ఏమనుకుందో ఆ మూడు బొమ్మల్లోనే ఉంది.

మొదలు టాంజానియాలో. 1962 జూన్ 25న దార్ ఎస్ సలామ్‌లో మూడు ప్రవాస సంఘాలు కలిసి ఫ్రెలిమో అయ్యాయి. స్వాతంత్ర్యానికి కూడా అదే తేదీ పెట్టుకున్నారు చూడండి. అంటే దేశం పుట్టినరోజు, పార్టీ పుట్టినరోజు ఒకటే. పిల్లలకి స్కూల్లో ఆ రెండిటినీ విడదీసి చెప్పడం కుదరదు.

మొదటి నాయకుడు ఎడువార్డో మొండ్లానే. అమెరికాలో డాక్టరేట్ చేసి, ఐక్యరాజ్యసమితిలో పనిచేసి, ప్రొఫెసర్‌గా ఉండి, అన్నీ వదులుకుని వచ్చాడు. అంతకు రెండేళ్ల ముందు, 1960 జూన్ 16న, ఉత్తరాన ముయెదా అనే ఊళ్లో అర్జీ చెప్పుకోవడానికి వచ్చిన జనం మీద పోర్చుగీసు సైన్యం కాల్పులు జరిపింది. మాటలతో పని కాదని చాలామంది తేల్చుకున్నది అక్కడే. 1964 సెప్టెంబర్ 25న కాబో దెల్గాదోలోని షాయ్‌లో మొదటి తూటా పేలింది. 1969 ఫిబ్రవరి 3న పార్సిల్‌లో వచ్చిన పుస్తకంలో దాచిన బాంబు పేలి మొండ్లానే చనిపోయాడు. ఆ తర్వాత పగ్గాలు మషెల్ చేతికి వచ్చాయి. ఆయన వృత్తిరీత్యా నర్సు.

1974 ఏప్రిల్ 25న పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో సైనికులే తమ నియంతృత్వాన్ని కూల్చేశారు. ఆఫ్రికా యుద్ధాలతో విసిగిపోయిన సైనికులు వాళ్లు. సెప్టెంబర్ 7న లుసాకాలో ఒప్పందం కుదిరింది, అధికారం ఫ్రెలిమోకి అప్పగించారు. మధ్యలో ఎన్నికలు లేవు. ఇది గుర్తుపెట్టుకోవాలి. తర్వాత జరిగిన చాలా వాటికి బీజం ఇక్కడే ఉంది.

అరుణతార_ఖమ్మం | 27 జూన్, ఉదయం 6:50

మేడమ్ గారు బాగా చెప్పారు. నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. 1986 అక్టోబర్‌లో మషెల్ విమానం దక్షిణాఫ్రికాలోని మ్‌బుజినీ కొండల్లో కూలిందన్న వార్త వచ్చిన రోజు నాకింకా గుర్తు. మా యూనియన్ ఆఫీసులో పదిమందిమి కూర్చుని సంతాపం చెప్పుకున్నాం. అప్పుడు మా గోడ మీద ఆయన ఫొటో ఉండేది.

కొత్త తరం ఒకటి తెలుసుకోవాలి. పోర్చుగీసువాళ్లు వెళ్లేనాటికి ఆ దేశంలో నూటికి తొంభై మందికి చదువు రాదు. ఏడాది రెండేళ్లలో రెండు లక్షల మందికి పైగా తెల్లవాళ్లు వెళ్లిపోయారు. డాక్టర్లు, మెకానిక్కులు, రైలు డ్రైవర్లు, గుమాస్తాలు, అందరూ. కొందరు ట్రాక్టర్లు విరగ్గొట్టి మరీ వెళ్లారు. అలాంటి చోట బడులు తెరిచారు, వైద్యాన్ని జాతీయం చేశారు, 1976 నుంచి దేశమంతా తిరిగి టీకాలు వేశారు. పక్కన రొడీషియాలో, అంటే ఇప్పటి జింబాబ్వేలో, తెల్లవాళ్ల ప్రభుత్వం ఉంటే, తమ పొట్ట కొట్టుకుని మరీ సరిహద్దు మూసేశారు. ఆంక్షలు పెట్టారు. జింబాబ్వే పోరాటానికీ, మండేలా పార్టీకీ చోటిచ్చారు. అందుకు ప్రతిఫలంగా రొడీషియా గూఢచారులు రెనామో అనే తిరుగుబాటు దళాన్ని తయారుచేసి వాళ్ల మీదకి వదిలారు. 1980 తర్వాత దక్షిణాఫ్రికా సైన్యం దాన్ని పెంచి పోషించింది. 16 ఏళ్ల యుద్ధం. దాదాపు పది లక్షల మంది చనిపోయారు, ఎక్కువమంది ఆకలితోనూ రోగాలతోనూ. కాల్చిన బడులకీ ఆస్పత్రులకీ లెక్క లేదు. ఈ పార్టీ ఏమీ చేయలేదనే ముందు ఇది కూడా చూడాలి కదా.

చరిత్ర_మేడమ్ | 27 జూన్, ఉదయం 8:05

అరుణతార గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే. ఒక్కటీ కాదనను. రెనామో ఊళ్లలో చేసిన ఘోరాలు 1988లో అమెరికా ప్రభుత్వం చేయించిన విచారణలోనే బయటపడ్డాయి. కానీ ఆ యుద్ధం అంత కాలం సాగడానికి బయటి డబ్బు, తుపాకులు మాత్రమే చాలవు. ఊళ్లలో కోపం కూడా ఉంది. అది ఎలా పుట్టిందో కూడా చూడాలి.

1977 ఫిబ్రవరిలో మూడో మహాసభలో మార్క్సిస్టు-లెనినిస్టు పార్టీగా ప్రకటించుకున్నారు. వేరే పార్టీ ఉండకూడదు. చెల్లాచెదురుగా ఉన్న ఇళ్లను కదిలించి సామూహిక గ్రామాల్లోకి తెచ్చారు. చాలాచోట్ల ఇష్టం లేకుండానే. తాతల సమాధులు, మామిడి చెట్లు, ఊరి పెద్దరికం, అన్నీ మూఢత్వం కింద కొట్టేశారు. పాత ఊరిపెద్దలను పక్కన పెట్టి పార్టీ కార్యదర్శులను కూర్చోబెట్టారు. 1983లో 'ఉత్పత్తి ఆపరేషన్' పేరుతో, పట్నాల్లో పని లేకుండా తిరుగుతున్నారని చెప్పి వేలాదిమందిని పట్టుకుని దూరాన ఉన్న నియాసా అడవుల్లోకి పంపారు. చేతిలో కార్డు లేకపోవడమే వాళ్ల తప్పు. చాలామంది తిరిగి రాలేదు.

ఉరియా సిమాంగో మాటేమిటి? ఒకప్పటి ఫ్రెలిమో ఉపాధ్యక్షుడు. పార్టీతో విభేదించాడు, స్వాతంత్ర్యం ముందు ఇంకో పార్టీ పెట్టబోయాడు. పట్టుకుని శిబిరంలో పెట్టి, విచారణ లేకుండా చంపేశారు. ఆయన భార్యనూ చంపారు. వాళ్ల కొడుకుల్లో ఒకరు, డావిజ్ సిమాంగో, తర్వాత బెయిరా నగర మేయరై, మూడో పార్టీ పెట్టాడు. మషెల్‌ని ప్రేమించేవాళ్లు సిమాంగో పేరు కూడా పలకాలని నేను క్లాసులో ఎప్పుడూ చెబుతాను.

అరుణతార_ఖమ్మం | 27 జూన్, ఉదయం 8:40

సిమాంగో విషయం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసినప్పుడు బాధపడ్డాను. దాన్ని సమర్థించను.

మోడరేటర్ | 27 జూన్, మధ్యాహ్నం 12:10

మన రాష్ట్రాల పార్టీలను పోల్చుతూ వచ్చిన మూడు పోస్టులు తీసేశాను. వాటికి వేరే విభాగం ఉంది. ఇక్కడ మొజాంబిక్ గురించే మాట్లాడుకుందాం.

విశాఖ_కోక్ఓవెన్ | 27 జూన్, మధ్యాహ్నం 2:30

నేను ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి, ఆఖరి రెండేళ్లు తేతె ప్రాంతంలో బొగ్గు గని పని చూశాను. తెలియనివాళ్లకి చెబుతున్నా, తేతెలోని బెంగా గనిలో మన ప్రభుత్వ కంపెనీలకు వాటా ఉంది. సెయిల్, విశాఖ ఉక్కు, హైదరాబాద్ ఎన్ఎండీసీ ఇంకొన్ని కలిసి పెట్టుకున్న ఐసీవీఎల్ 2014లో రియో టింటో దగ్గర దాన్ని 5 కోట్ల డాలర్లకు కొన్నది. అంతకు మూడేళ్ల ముందు రియో టింటో ఆ గనులున్న కంపెనీ మొత్తానికి పెట్టింది దాదాపు 400 కోట్ల డాలర్లు. బొగ్గు ఉంది, మంచి కోకింగ్ బొగ్గే. రేవుకి చేర్చే దారి లేదు. జాంబేజీ నదిలో పడవల మీద దింపుదామంటే అనుమతి రాలేదు. బెయిరాకి వెళ్లే సేనా రైలు మార్గం ఒకటే, దాని మీద అందరి వాగన్లూ.

నేను చూసిందేంటంటే, ఆ బొగ్గు మీద దేశమంతా ఆశ పెట్టుకుంది. గనుల కోసం ఊళ్లు లేపి కొత్త కాలనీలు కట్టారు. 2012 జనవరిలో కతేమె అనే కొత్త కాలనీ జనం నీళ్లు లేవు, భూమి పండట్లేదని రైలు పట్టాల మీద కూర్చున్నారు. పోలీసులు వచ్చి కొట్టి లేపారు. నేను వెళ్లేసరికి ఇదంతా పాత కథ, కానీ మాతో పనిచేసే డ్రైవర్ ఆ కాలనీవాడే. ఒక ఆదివారం తన ఇంటికి తీసుకెళ్లాడు. గోడ పగులులో చేయి పెట్టి చూపించాడు, మణికట్టు దాకా పోయింది. లోపల గోడ మీద సమోరా మషెల్ క్యాలెండర్ ఉంది. 'ఈయన ఉంటే ఇలా జరిగేది కాదు' అన్నాడు. ఓటు ఎవరికేశావని అడిగితే ఫ్రెలిమోకే అన్నాడు. కోపం ఇప్పుడున్న మనుషుల మీద, నమ్మకం చనిపోయిన మనిషి మీద. రెండూ ఒకే పార్టీవే కదా, ఓటు మాత్రం అటే పడుతుంది.

వరంగల్_శ్రీను | 27 జూన్, సాయంత్రం 5:15

సార్, మీరు చెప్పింది వింటే మనసుకు ఎట్లనో అయింది. మరి మార్క్సిస్టు పార్టీ అన్నరు కదా, గనులు విదేశీ కంపెనీలకు ఇచ్చుడేంది?

చరిత్ర_మేడమ్ | 27 జూన్, సాయంత్రం 6:35

యుద్ధంతో ఖజానా ఖాళీ అయింది శ్రీనూ. 1984 మార్చి 16న మషెల్ స్వయంగా దక్షిణాఫ్రికా జాతివివక్ష ప్రభుత్వంతో న్‌కోమాతీ దగ్గర పరస్పరం దాడులు చేసుకోకూడదన్న ఒప్పందం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. అదే ఏడు ఐఎంఎఫ్‌లో చేరారు. మషెల్ తర్వాత వచ్చిన జోఆకిం షిసానో చల్లని మనిషి, మాట కలిపే మనిషి. 1989 మహాసభలో మార్క్సిజం మాట తీసేశారు, 1990లో బహుళ పార్టీల రాజ్యాంగం, 1992 అక్టోబర్ 4న రోమ్‌లో శాంతి. 1994లో మొదటి ఎన్నికలు. యుద్ధం చేసిన రెండు పక్షాలూ ఒకే పార్లమెంటులో కూర్చున్నాయి. ఫ్రెలిమోకి 129, రెనామోకి 112. చిన్న విషయం కాదు అది.

కానీ మార్కెట్ తెరిచినప్పుడు కొనగలిగినవాళ్లెవరు? అప్పటిదాకా అధికారంలో ఉన్నవాళ్లే. ప్రభుత్వ ఫ్యాక్టరీలు, భూములు, బ్యాంకు అప్పులు వాళ్లకే అందాయి. అర్మాండో గెబూజా ఒక్క ఉదాహరణ చాలు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో పోర్చుగీసువాళ్లకి 24 గంటల్లో, 20 కిలోల సామానుతో దేశం వదలమని ఆజ్ఞ ఇచ్చిన మంత్రి ఆయన. '24/20' అని ఇప్పటికీ అంటారు. 2005లో అధ్యక్షుడయ్యేనాటికి దేశంలోని పెద్ద ధనవంతుల్లో ఒకరు.

జీడిపప్పు కథ కూడా చెప్పాలి, అందులో మన దేశానికీ పాత్ర ఉంది. 1995లో ప్రపంచ బ్యాంకు ఒత్తిడితో పచ్చి జీడిగింజల ఎగుమతి పన్ను తగ్గించారు. గింజలు ఓడెక్కి భారతదేశం వచ్చాయి, మన దగ్గర ఒలిచారు. అక్కడ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. వేలమంది పనివాళ్లు, ఎక్కువగా ఆడవాళ్లు, రోడ్డున పడ్డారు. రైతుకి పెరుగుతుందన్న ధర చేతికి పెద్దగా రాలేదు.

కంది_బస్తా | 27 జూన్, రాత్రి 9:50

మేడమ్ గారూ, జీడిపప్పు అన్నారు కాబట్టి కందుల సంగతి నేను చెబుతాను. ఇక్కడ దీన్ని ఫెయిజావ్ బోయెర్ అంటారు. మొక్కజొన్నలో అంతర పంటగా వేస్తారు, ఎక్కువమంది తినరు, అంతా మనకే. 2016లో మన ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది, మొదటి ఏడు లక్ష టన్నులు, ఐదో ఏటికి రెండు లక్షలు. ఆ మాట విని జాంబేజియాలో, నాంపులాలో రైతులు చేలు పెంచారు. 2017లో మన దగ్గర పంట ఎక్కువై కందుల దిగుమతికి పరిమితి పెట్టారు. ఒప్పందం కింద కోటా ఉన్నా, అది అందరికీ అందలేదు. ధర కూలిపోయింది. కాటా దగ్గర ఒక ముసలాయన బస్తా దించకుండా అలాగే మోసుకుని వెనక్కి వెళ్లిపోయాడు. ఆయనకి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. 2023 చివర్లో మళ్లీ నకాలా రేవులో కందుల ఎగుమతి కోర్టు గొడవల్లో ఇరుక్కుని నెలలు ఆగిపోయింది.

పార్టీ మాటకి వస్తే, ఊళ్లో అది ఎలా ఉంటుందో చెబుతాను. పది ఇళ్లకి ఒక పెద్ద, దాని పైన వీధి పెద్ద, ఆ పైన పేట కార్యదర్శి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో పార్టీ పెట్టిన కమిటీలే ఇవి. నేను బ్యాంకు ఖాతా తెరవాలన్నా, సిమ్ తీసుకోవాలన్నా నివాస పత్రం కావాలి, అది పేట కార్యదర్శే ఇవ్వాలి. మనిషి మంచివాడే, నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. కానీ ఎన్నికలప్పుడు ఆయనే పార్టీ కోసం ఇంటింటికీ తిరుగుతాడు. పత్రం ఇచ్చే చెయ్యి, ఓటడిగే చెయ్యి ఒకటే అయితే జనం ఏమనుకుంటారు?

ఇంకొకటి, కపులానా. మన లుంగీలా నడుముకి చుట్టుకునే గుడ్డ, పిల్లల్ని వీపుకి కట్టుకునేదీ అదే. ఎన్నికలప్పుడు పార్టీ గుర్తుతో, అంటే డప్పు, మొక్కజొన్న పొత్తులతో ఎర్ర కపులానాలు పంచుతారు. సంతలో టమాటాలమ్మే ఆవిడ అది కట్టుకుని కూర్చుంటే, మీరు ఆ పార్టీయా అని అడిగాను. 'మా పాప దీన్లోనే నడక నేర్చింది' అంది. అంతకన్నా ఏమీ చెప్పలేదు.

విశాఖ_కోక్ఓవెన్ | 27 జూన్, రాత్రి 10:20

ఆ ముసలాయన సంగతి చదివి నిద్ర పట్టేలా లేదు బాబూ. మన వంటింట్లో పప్పు వెనక ఇంత ఉందని ఎవరికి తెలుసు.

మపూటో_స్వాతి | 28 జూన్, ఉదయం 7:30

రెండ్రోజులుగా చదువుతున్నాను. నేను ఇక్కడి రాజధాని మపూటోలో ఆరోగ్య ప్రాజెక్టులో పనిచేస్తున్నాను, ఆరేళ్లయింది. భయమా, అభిమానమా అని కంది_బస్తా అన్నయ్య అడిగారు కదా. నాకు దొరికిన జవాబు మా ఇంటావిడ.

మేం ఉండేది జూలై 24 అవెన్యూలో నాలుగో అంతస్తు. ఈ ఊళ్లో వీధుల పేర్లు చూస్తే మీకు ఆశ్చర్యం వేస్తుంది. హోచిమిన్, కార్ల్ మార్క్స్, లెనిన్, మావో, అందరూ పక్కపక్కనే. జూలై 24 అంటే 1975లో భూమి, వైద్యం, చదువు జాతీయం చేసిన రోజు. 1976 ఫిబ్రవరి 3న అద్దె ఇళ్లు కూడా జాతీయం చేశారు. అప్పటిదాకా నల్లవాళ్లు సిమెంటు పట్నంలో పనికి రావాలే గాని ఉండటానికి లేదు, ఊరి చివర రెల్లు గుడిసెల్లో ఉండేవాళ్లు. మా ఇంటావిడని వోవో అంటాం, అంటే అమ్మమ్మ. ఆమెకి అప్పుడు పందొమ్మిదేళ్లు. రెల్లు గుడిసె నుంచి ఈ ఫ్లాట్‌లోకి వచ్చిన రోజు, కుళాయి తిప్పి నీళ్లు వస్తుంటే ఆపకుండా చూస్తూ కూర్చుందట. నర్సు సహాయకురాలిగా శిక్షణ తీసుకుని టీకాల దళంలో ఊళ్లు తిరిగింది. ఐస్ పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచిన దారులన్నీ చెబుతుంది. 90ల్లో ప్రభుత్వం ఈ ఇళ్లను ఉన్నవాళ్లకే అమ్మినప్పుడు కొనుక్కుంది. పార్టీ కార్డు ఇప్పటికీ బీరువాలో ఉంది. 2019 దాకా ప్రతిసారీ ఆ పార్టీకే వేసింది.

2024 అక్టోబర్ 9న ఎన్నికలు. 19 తెల్లవారుజామున ప్రతిపక్ష అభ్యర్థి వెనాన్సియో మొండ్లానే తరఫు లాయర్ ఎల్వీను దియాస్‌ని, ఆయనకి మద్దతిచ్చిన పార్టీ నాయకుడు పావులో గ్వాంబెని మపూటో నడిబొడ్డున కారులోనే కాల్చి చంపారు. 24న ఫలితాలు. ఫ్రెలిమో అభ్యర్థి డానియెల్ షాపోకి 70 శాతం దాటిందన్నారు. డిసెంబర్‌లో రాజ్యాంగ మండలి దాన్నే 65కి తగ్గించింది, గెలుపు మాత్రం ఖాయం చేసింది. నవంబర్‌లో రోజూ రాత్రి 9కి గిన్నెలు కొట్టమని పిలుపు వచ్చింది. వీధిలోకి వస్తే కాల్పులు, అందుకని ఇళ్లలోంచే.

మొదటి రాత్రి నేను లైటు ఆపేసి కిటికీ దగ్గర నిలబడ్డాను. ముందు ఎక్కడో ఒక్క చప్పుడు. తర్వాత ఎదురు బిల్డింగ్. తర్వాత వీధంతా. వంటింట్లోంచి వోవో వచ్చింది. షీమా, అంటే మొక్కజొన్న సంకటి, వండే పెద్ద అల్యూమినియం గిన్నె ఎడమ చేత్తో పట్టుకుంది, కుడి చేతిలో గరిటె. బాల్కనీ తలుపు నన్ను తియ్యమంది. అరగంట కొట్టింది. ఏడుస్తూ కొట్టింది. గిన్నెకి పడిన సొట్ట ఇప్పటికీ అలాగే ఉంది, దాన్లోనే వండుతుంది.

తర్వాత అడిగాను, ఎందుకు వోవో అని. ఆమె మనవడికి డిగ్రీ ఉంది, నాలుగేళ్లుగా పని లేదు. పార్టీ కార్డు తీసుకుంటే ఏదైనా దొరుకుతుందేమో అని ఎవరో అన్నారట. 'మేం టీకాలు వేసేటప్పుడు ఏ బిడ్డనీ కార్డు అడగలేదు' అంది.

అరుణతార_ఖమ్మం | 28 జూన్, ఉదయం 9:10

స్వాతమ్మా, నీ పోస్టు మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. ఆ ఐస్ పెట్టె మోసిన పిల్ల కోసమే మేం ఆ రోజుల్లో ఫొటో పెట్టుకున్నది. ఆవిడ గిన్నె కొట్టిందంటే, పార్టీకి ఎదురు తిరిగిందని నేను అనుకోను. పార్టీ ఆవిడ దగ్గరి నుంచి వెళ్లిపోయింది.

వరంగల్_శ్రీను | 28 జూన్, ఉదయం 10:00

అక్కా, వెనాన్సియో మొండ్లానే అంటే మొదటి నాయకుడి కొడుకా?

మపూటో_స్వాతి | 28 జూన్, ఉదయం 10:20

కాదు శ్రీనూ, ఇంటిపేరు ఒకటే, చుట్టరికం లేదు. ముందు రెనామోలో ఉన్నాడు, 2023లో మపూటో మేయర్‌గా పోటీ చేశాడు. టీవీలో మాట్లాడేవాడు, పాస్టర్ కూడా. కుర్రాళ్లు ఫేస్‌బుక్ లైవ్‌లో ఆయన్ని వింటారు. గొడవల్లో చనిపోయినవాళ్లు 300 మందికి పైగా అని ఇక్కడి పౌరసంఘాలు లెక్క వేశాయి. ఎక్కువమంది కుర్రాళ్లే. పోలీసులూ కొందరు చనిపోయారు. షాపులు, గోడౌన్లు దోచుకున్నారు, అది కూడా నిజమే. మార్చిలో షాపో, మొండ్లానే కలిసి మాట్లాడుకున్నారు.

చరిత్ర_మేడమ్ | 28 జూన్, మధ్యాహ్నం 3:45

రహస్య అప్పుల సంగతి ఎవరూ ఎత్తలేదు. కుర్రాళ్ల నమ్మకం పోవడంలో దాని పాత్ర పెద్దది. 2013, 14లో మూడు ప్రభుత్వ కంపెనీల పేరు మీద దాదాపు 200 కోట్ల డాలర్ల అప్పు తెచ్చారు. ట్యూనా చేపల పడవలు, తీర రక్షణ అని కారణం చెప్పారు. పార్లమెంటుకి చెప్పకుండా ఆర్థిక మంత్రి మాన్యువల్ చాంగ్ హామీ సంతకం పెట్టాడు. 2016లో చాలా భాగం బయటపడింది. దాతలు సాయం ఆపేశారు, అక్కడి కరెన్సీ మెటికల్ విలువ పడిపోయింది. చాంగ్‌ని 2018 డిసెంబర్‌లో జొహానెస్‌బర్గ్ విమానాశ్రయంలో పట్టుకున్నారు, 2024లో న్యూయార్క్ కోర్టు దోషి అని తేల్చింది. గెబూజా కొడుక్కి మపూటో కోర్టే 12 ఏళ్లు వేసింది.

మపూటో_స్వాతి | 28 జూన్, సాయంత్రం 4:10

ఆ పడవలు రేవులోనే కట్టేసి ఉండటం నేను చూశాను మేడమ్. వరసగా, తుప్పు కారుతూ. ఆస్పత్రిలో చేతి తొడుగులు అయిపోయినప్పుడల్లా అవే గుర్తొచ్చేవి.

విశాఖ_కోక్ఓవెన్ | 28 జూన్, సాయంత్రం 5:30

చుట్టుపక్కల దేశాల్లో ఏం జరుగుతోందో కూడా చూడాలి. దక్షిణాఫ్రికాలో మండేలా పార్టీకి 2024 మేలో మొదటిసారి సగం ఓట్లు రాలేదు, 40 శాతం దగ్గర ఆగింది. ఇతర పార్టీలతో కలిసి ప్రభుత్వం పెట్టుకున్నారు. అక్కడ లెక్కింపు మీద జనానికి నమ్మకం ఉంది, అందుకే పార్టీ తగ్గింది కానీ దేశం తగలబడలేదు. జింబాబ్వేలో 1980 నుంచి ఒకటే పార్టీ. మొజాంబిక్ ఈ రెండింటిలో ఏ దారిన వెళ్తుందన్నదే నా ఆందోళన. 2019లో గాజా రాష్ట్రంలో జనాభా లెక్కల ప్రకారం ఓటు వయసు ఉన్నవాళ్ల కంటే నమోదైన ఓటర్లు మూడు లక్షలకు పైగా ఎక్కువ. అది తప్పని చెప్పిన గణాంక సంస్థ అధిపతి రాజీనామా చేయాల్సి వచ్చింది. అదే రాష్ట్రంలో పోలింగుకి వారం ముందు ఎన్నికల పరిశీలకుడు అనస్తాసియో మటవేల్‌ని కాల్చి చంపారు. చంపినవాళ్లు పోలీసులే.

చరిత్ర_మేడమ్ | 28 జూన్, రాత్రి 8:20

ఉత్తరాన కాబో దెల్గాదోని కూడా కలపండి. మొదటి తూటా పేలిన రాష్ట్రం అది. 2017 అక్టోబర్ 5న మోసింబోవా ద ప్రాయాలో జిహాదీల దాడులు మొదలైందీ అక్కడే. సముద్రం అడుగున గ్యాసు పడింది, మన ఓఎన్‌జీసీ, భారత్ పెట్రోలియం, ఆయిల్ ఇండియాలకి కలిపి అందులో 30 శాతం వాటా. 2021 మార్చిలో పల్మా పట్నం మీద దాడి జరిగాక పని ఆగిపోయింది. విముక్తి యోధుల జనరళ్లు ఎక్కువమంది అక్కడి మాకొందే తెగవాళ్లే, తీరంలోని మ్వానీ కుర్రాళ్లకి మాత్రం ఏమీ రాలేదన్న కోపం ఉంది. విముక్తి ఎవరి సొత్తు అన్న ప్రశ్న అక్కడ నెత్తురుతో అడుగుతున్నారు.

కంది_బస్తా | 28 జూన్, రాత్రి 10:05

అందరికీ దండాలు. భయమా, అభిమానమా అని అడిగాను, ఇప్పుడు నాకర్థమైంది వేరే. ఇల్లిచ్చింది, చదువిచ్చింది, నివాస పత్రం ఇచ్చేదీ అదే. బయటికి రావాలంటే దేన్ని వదులుకోవాలో జనానికే తెలియదు. మా గోడౌన్ కుర్రాళ్లకి ఇల్లు రాలేదు, పని కూడా నా దగ్గర మూడు నెలల సీజను పనే. వాళ్లు పాటకి లేవకపోవడం ఇప్పుడు నాకు తప్పుగా అనిపించట్లేదు. షాపో కూడా 1977లో పుట్టినవాడే, స్వాతంత్ర్యం తర్వాత పుట్టిన మొదటి అధ్యక్షుడు. ఆయనకైనా తెలియాలి.

స్వాతమ్మా, వోవో గారు మొన్న 25న వేడుకకి వెళ్లారా?

మపూటో_స్వాతి | 29 జూన్, ఉదయం 6:40

వెళ్లలేదు అన్నయ్యా. టీవీ పెట్టమంది. జాతీయ ఐక్యతా జ్యోతి కాబో దెల్గాదో నుంచి అన్ని రాష్ట్రాలూ తిరిగి స్టేడియంలోకి వస్తుంటే కుర్చీలో ముందుకి జరిగింది. జాతీయ గీతానికి లేచి నిలబడింది, మొత్తం పాడింది. ఉపన్యాసాలు మొదలవగానే వాల్యూమ్ తగ్గించమని, వంటింట్లోకి వెళ్లి గిన్నె పొయ్యి మీద పెట్టింది.